ఒక మ్యాచ్‌లో అదరగొడతాడు, తర్వాతి మ్యాచ్‌లో కనిపించడు: మా అక్క కొడుక్కి ఏం చేయాలి?

దేవరకొండ మేనమామ
శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. మా అక్క కొడుకు గురించి అడగాలని వచ్చాను. వాడికి 15 ఏళ్లు, పదో తరగతి. ఎడమకాలి వాటం, లెఫ్ట్ వింగ్ (మైదానం ఎడమ అంచున దాడి చేసే చోటు) ఆడతాడు. మా బావ హైదరాబాద్‌లో మేస్త్రీ పని చేస్తాడు, నెలకో రెండు నెలలకో వస్తాడు. అందుకని వాడి ఆట బాధ్యత నా మీద పడింది. నేను కబడ్డీ ఆడినవాణ్ని, ఫుట్‌బాల్ నాకు తెలియదు. దేవరకొండలో చిన్న జిరాక్స్ షాపు నడుపుకుంటాను.

పోయిన నెల నల్గొండ మేకల అభినవ్ స్టేడియంలో వాడి ఆట చూశాను. అవతలి గోల్‌కీపర్ కొట్టిన పొడుగు బంతి టచ్‌లైన్ మీదికి వచ్చింది. వీడు దాన్ని తొడ మీద ఆపి, నేల తాకకముందే ఎదుటి పోరడి పక్కనుంచి నెట్టి, లోపలికి దూసుకుపోయాడు. పక్కన కూర్చున్న పెద్దాయన, నాకు తెలియని మనిషి, "ఎవరి పిల్లగాడు ఇతను?" అని లేచి నిలబడ్డాడు. ఆ రోజు రెండు గోల్స్ కొట్టాడు, ఒకటి కొట్టించాడు.

సరిగ్గా వారానికి మిర్యాలగూడలో మ్యాచ్. అదే పోరడు, అదే నంబర్ జెర్సీ. బంతి కాలికి తగిలిందంటే బయటికే. పరుగెత్తాల్సిన చోట నడుస్తున్నాడు. హాఫ్ టైమ్‌కే బయటకు తీశారు. ఇలా నాలుగు నెలలుగా జరుగుతోంది. ఊళ్లో అందరూ "పొగరెక్కింది", "సీరియస్‌నెస్ లేదు", "ఫోన్ పట్టుకుంటాడు" అంటున్నారు. నేనూ రెండుసార్లు గట్టిగా తిట్టాను. ఏం మాట్లాడకుండా తల వంచుకుని నిలబడ్డాడు. అది నన్ను తినేస్తోంది. ఇంత ఆట ఉన్న పిల్లవాడు రోజూ అలాగే ఆడాలంటే ఏం కావాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

సూర్యాపేట స్ట్రైకర్
శనివారం రాత్రి 9:58

ఫోన్ తీసి బీరువాలో పెట్టండి అన్నా. మా తమ్ముడి విషయంలో అదే పని చేసింది.

జడ్చర్ల పీఈటీ
శనివారం రాత్రి 10:25

మేనమామ గారూ, పదహారేళ్లుగా సర్కారు బడుల్లో పీఈటీగా చేస్తున్నాను. మీరు చెప్పినలాంటి పిల్లలను కనీసం ఇరవై మందిని చూశాను. పిల్లవాడి బుద్ధి గురించి అనే ముందు వాడి వారం ఎలా గడుస్తోందో చూడండి. నేను ఫోన్ మీద పడను. ఒక చిన్న నోట్‌బుక్ తీసుకోండి. రెండు వారాల పాటు రోజూ ఈ విషయాలు రాయండి: రాత్రి ఎన్నింటికి పడుకున్నాడు, పొద్దున ఎన్నింటికి లేచాడు, ఏం తిన్నాడు, ఎన్ని గంటలు ఆడాడు, ఎక్కడ నొప్పి అన్నాడు. మ్యాచ్ ఉన్న రోజు ఇంకొకటి రాయాలి: ఆటకు ముందు చివరిసారి తిండి ఎప్పుడు తిన్నాడు.

వాణ్ని అడిగి రాయొద్దు, మీరు చూసి రాయండి. అడిగితే పిల్లలు మనకు నచ్చే జవాబే చెప్తారు. "నొప్పి ఉందా" అంటే "లేదు సార్" అంటారు, ఎందుకంటే ఉందంటే టీమ్‌లోంచి తీసేస్తారని భయం. ఆ భయం మనం పెట్టిందే.

15 ఏళ్ల పిల్లవాడికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పదో తరగతి పిల్లవాడికి పొద్దున స్పెషల్ క్లాస్, సాయంత్రం స్టడీ అవర్, మధ్యలో ప్రాక్టీస్. ఆ నిద్ర ఎక్కడ దొరుకుతుందో మీరే లెక్క వేయండి.

నల్గొండ ఫిజియో
ఆదివారం ఉదయం 7:10

నేను ఇక్కడే క్లినిక్ నడుపుతున్నాను. రోజుకు ఒకరిద్దరు ఇలాంటి పిల్లలు వస్తారు కాబట్టి ఒక్క ప్రశ్న అడుగుతాను అన్నా: ఈ ఏడాది ఎంత పొడుగయ్యాడు?

మగపిల్లలు చాలామంది 13, 14 ఏళ్ల దగ్గర ఒక్కసారిగా పెరుగుతారు, కొందరు 15 దాకా ఆగి పెరుగుతారు. ఆ సమయంలో ఎముక ముందు సాగుతుంది, కండరం దాన్ని అందుకోవడానికి టైమ్ పడుతుంది. నిన్నటి కాలు ఈ రోజు లేదు. మెదడుకు తెలిసిన పొడవు వేరు, ఇప్పుడున్న పొడవు వేరు. బంతి దూరం పోతోందంటే, నడుస్తున్నాడంటే, ముందు ఇది చూడాలి. చాలామంది కోచ్‌లు సరిగ్గా ఈ ఏడాదిలోనే "వీడి పని అయిపోయింది" అని పక్కన పెట్టేస్తారు. నాకు దాని మీద చాలా కోపం.

ఇంకొకటి. వాణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలి చిప్ప కింద రెండు వేళ్ల దూరంలో ఎముక మీద బొటనవేలితో మెల్లగా నొక్కండి. అక్కడ ఉబ్బెత్తుగా ఉండి, నొక్కగానే కాలు వెనక్కి లాక్కుంటే ఆస్‌గుడ్ ష్లాటర్ అయ్యుండొచ్చు. తొడ కండరం పెరిగే ఎముకను లాగడం వల్ల వస్తుంది. భయపడాల్సింది కాదు, పెరుగుదల ఆగాక చాలామందికి దానంతటదే పోతుంది. అయితే ఈలోగా ఆట భారం తగ్గించాలి. నొప్పి మాత్ర వేసి ఆడించకూడదు. ఒకసారి డాక్టర్‌కు చూపించండి, ఇక్కడ చదివినదాన్ని బట్టి మీరే పేరు పెట్టేయకండి.

పాలమూరు లెఫ్ట్‌బ్యాక్
ఆదివారం ఉదయం 11:32

అన్నా, పైన ఎవరూ అడగనిది నేను అడుగుతా. పిల్లగాడు పైసలకు ఆడుతున్నాడా?

నా కథ చెప్తా. మాది నారాయణపేట దిక్కు. అమ్మానాన్న పనికి పుణె పోయేవాళ్లు, నేను నాయనమ్మ దగ్గర పెరిగిన. 16 ఏళ్లప్పుడు ఊరూరా టోర్నమెంట్లు. పండుగలకు, జాతరలకు, ఎవరో చనిపోయినవాళ్ల యాదిలో కప్పు పెడితే దానికి. ఒక్కో టీమ్‌వాళ్లు బండి మీద వచ్చి తీసుకుపోయేవాళ్లు. మ్యాచ్‌కు 200, సెమీఫైనల్ అయితే 500. ఒక్క ఆదివారం మూడు మ్యాచ్‌లు మూడు ఊళ్లలో ఆడిన. అందరూ భుజం తట్టేవాళ్లే. ఏ ఒక్కరూ "తిన్నవా?" అని అడగలేదు.

17 ఏళ్లకు ఎర్ర మొరం గ్రౌండ్ మీద, మూడో మ్యాచ్ చివర్లో తిరగబోతే పాదం నేలకు పట్టేసింది, మోకాలు తిరిగింది. టప్ మని చప్పుడు నాకే వినిపించింది. మోకాలి లోపలి ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది. ఆపరేషన్ అయింది కానీ తర్వాత చేయాల్సిన ఎక్సర్‌సైజులు నెలల తరబడి చేయాలని నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు జడ్చర్ల దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు. మెట్లు దిగేటప్పుడు మోకాలు ఇప్పటికీ గుర్తు చేస్తది. నా ఆట నాలోనే ఉంది, దాన్ని మోసే కాలు లేదు.

మీ అల్లుడిని అడగండి, కానీ తిట్టకుండా అడగండి. పైసలు తెస్తున్నాడంటే ఇంట్లో దేనికో అవసరం ఉన్నట్టు.

పాత గోల్‌కీపర్
ఆదివారం మధ్యాహ్నం 3:05

ఈ తమ్ముడు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

నేను సికింద్రాబాద్‌లో పెరిగి, ఉద్యోగం మీద వనపర్తి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. వయసు 68. మా చిన్నప్పుడు పెద్దవాళ్లు రహీం సాబ్ గురించి చెబుతుంటే నోరు తెరుచుకుని వినేవాళ్లం. సయ్యద్ అబ్దుల్ రహీం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. రెండుసార్లూ కోచ్ ఆయనే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది, అదీ ఆయన తయారు చేసిన జట్టే. వృత్తి రీత్యా ఆయన బడిపంతులు. అది మర్చిపోవద్దు.

ఆయన పిల్లలకు బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టేవారట, డ్రిబ్లింగ్ (బంతిని కాలితో నడుపుకుంటూ మనుషుల్ని దాటడం) లేకుండా పాస్‌లతోనే ఆడే పోటీలు పెట్టేవారట. ఎందుకో ఆలోచించండి. ఎడమకాలి వాటం పిల్లవాడికి ఎడమకాలు బాగా నడిచిన రోజు పండగ. ఎదుటి డిఫెండర్ ఆ కాలు మూసేసిన రోజు వాడి దగ్గర ఇంకో దారి ఉండాలి కదా. మేనమామ గారి పిల్లవాడికి ఆ ఇంకో దారి ఎవరైనా నేర్పారా? మిర్యాలగూడలో వాణ్ని కాచిన డిఫెండర్ ఎవరు, ఏ వైపు నిలబడ్డాడు? అది కూడా గమనించాలి.

ఇంకో పేరు తులసీదాస్ బలరాం. మన సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లవాడు. మెల్‌బోర్న్‌లో ఆడాడు, జకార్తాలో ఆడాడు. అంతటివాడు 27 ఏళ్లకే ఊపిరితిత్తుల జబ్బుతో ఆట వదలాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో పోయారు. ఆ వార్త చదివిన రోజు నేను భోజనం చేయలేదు. ఒళ్లు సహకరించకపోతే అంత గొప్ప ఆట కూడా ఆగిపోతుంది. పిల్లవాడి ఒంటిని కాపాడండి బాబూ.

భువనగిరి మిడ్‌ఫీల్డర్
ఆదివారం సాయంత్రం 5:48

పెద్దాయన మీద గౌరవంతోనే అంటున్నాను, ఆ రోజులు వేరు. అప్పుడు పోలీస్, రైల్వే, బ్యాంకు జట్లలో ఉద్యోగాలు ఉండేవి. ఇప్పుడు ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఉంది కానీ 2021-22లో కప్పు గెలిచిన హైదరాబాద్ జట్టే 2025లో ఊరు వదిలి ఢిల్లీకి పోయింది. పిల్లవాడికి ముందు ఏం కనపడుతోంది? ముందు దారి కనపడకపోతే రోజూ ఒకేలా ఎలా కష్టపడతాడు? నా అభిప్రాయంలో ఇదే అసలు సమస్య.

జడ్చర్ల పీఈటీ
ఆదివారం రాత్రి 8:15

భువనగిరి తమ్ముడూ, నీ మాటలో నిజం ఉంది. కానీ 15 ఏళ్ల పిల్లవాడు మిర్యాలగూడలో నడిచింది ఐఎస్ఎల్ గురించి ఆలోచించి కాదు. వాడికి ఆ వయసులో రెండు మూడేళ్ల తర్వాతి సంగతి కనపడదు, వచ్చే ఆదివారం కనపడుతుంది. మనం ఆ ఆదివారాన్ని సరిచేద్దాం.

దారి లేదని కూడా నేను అనను. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా వెళ్లి అక్కడి డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడింది. 2024-25కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) ఉత్తమ క్రీడాకారిణి ఆమే. మన పిల్లే.

గురుకులం నంబర్ 8
ఆదివారం రాత్రి 9:30

సౌమ్యక్క పేరు చూసి రాస్తున్నాను. నాది నాగర్‌కర్నూల్ జిల్లా, గురుకులంలో చదివి ఇప్పుడు డిగ్రీ. ఇక్కడ అందరూ అబ్బాయి గురించే మాట్లాడుతున్నారు, మంచిదే, కానీ నాదీ అదే కథ. ఇంటర్ ఫస్టియర్‌లో నేనూ ఒక రోజు బాగా, ఒక రోజు అస్సలు. సెకండాఫ్‌లో కళ్లు బైర్లు కమ్మేవి. మా సీనియర్లు "యాక్టింగ్" అనేవాళ్లు. ఒక మేడం రక్తపరీక్ష చేయించింది. హీమోగ్లోబిన్ 8.4, చాలా తక్కువ.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉందని ఉంది. అంటే 11 మంది టీమ్‌లో ఆరుగురు. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను మేమందరం కిటికీలోంచి పారేసేవాళ్లం, కడుపులో తిప్పుతుందని. భోజనం తర్వాత వేసుకుంటే తిప్పదని, వెంటనే టీ తాగొద్దని ఆ మేడమే చెప్పింది. డాక్టర్ ఇచ్చిన మందులు నాలుగు నెలలు వాడాను, తోటకూర, పల్లీలు, గుడ్డు మానలేదు. తర్వాత నేను 90 నిమిషాలు ఆడాను. నా పాస్‌లు కొత్తగా ఏమీ మారలేదు, చివరి అరగంటలో కూడా అవే పాస్‌లు ఇవ్వగలిగాను, అంతే.

అన్నా, మీ అల్లుడికి కూడా ఒక రక్తపరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో అవుతుంది.

దేవరకొండ మేనమామ
రెండు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 10:50

అందరికీ దండాలు. నోట్‌బుక్ నిండింది. ఎలా రాయాలో తెలియడం లేదు, ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

14 రోజుల్లో వాడు 7 మ్యాచ్‌లు ఆడాడు. స్కూల్ మ్యాచ్‌లు రెండే. మిగతా ఐదూ బయటి టీమ్‌లకు. పాలమూరు తమ్ముడు అడిగింది నిజమే, మ్యాచ్‌కు 300 ఇస్తున్నారు. ఒక ఆదివారం పొద్దున కొండమల్లేపల్లి దగ్గర, సాయంత్రం హాలియా దిక్కు. ఎనిమిది గంటల నిద్ర రెండు రోజులే. బాగా ఆడిన మ్యాచ్ ఒకటి, మా ఊరి గ్రౌండ్‌లో, పొద్దున ఏడున్నరకు, ముందు రోజు ఆట లేదు, రాత్రి మా అక్క చేసిన జొన్న రొట్టె తిని తొమ్మిదిన్నరకే పడుకున్నాడు. బాగా ఆడని రోజుల పేజీలు తిరగేస్తే నాలుగింటిలో ఒకటే మాట నా రాతలోనే ఉంది: "టీ, బిస్కట్". పొద్దున్నే బస్సు, మధ్యాహ్నం రెండింటికి మ్యాచ్, మధ్యలో బస్టాండ్‌లో టీ, బిస్కట్. మిర్యాలగూడ రోజు కూడా అంతే అయ్యుంటుంది.

మా అక్క ప్రతి ఉగాదికి పిల్లల్ని దర్వాజకు ఆనించి పెన్సిల్‌తో గీత పెడుతుంది. నిన్న వాణ్ని నిలబెట్టాను. ఉగాది గీత వాడి నుదుటి దగ్గర ఉంది. టేపు పెట్టి చూస్తే ఆరు సెంటీమీటర్లు పైగా పెరిగాడు, ఆరున్నర నెలల్లో. మోకాలి కింద నొక్కాను. కాలు లాక్కున్నాడు. "ఎప్పటినుంచి రా?" అంటే "ఎండాకాలం నుంచి మామా" అన్నాడు.

తర్వాత బూట్లు చూశాను. నిరుడు కొన్నవి, 6 సైజు. బొటనవేళ్ల గోళ్లు రెండూ నల్లబడి ఉన్నాయి. అడుగున పొడుగు స్టడ్స్ (బుడిపెలు). ఇన్నాళ్లూ ఆ బూట్లలో కాళ్లు ముడుచుకుని ఆడాడు. కొత్తవి 1800 అవుతాయని చెప్పలేదట. 300 దేనికి రా అంటే, చెల్లెలి స్కూల్ ఆటోకు ఇస్తున్నాడు. మా అక్కకు కూడా అది ఎక్కడినుంచి వస్తోందో పూర్తిగా తెలియదు, స్కూల్ వాళ్లు ఇస్తున్నారనుకుంది.

నేను వీణ్ని తిట్టాను. పొగరు అన్నాను. రాత్రి నిద్ర పట్టలేదు.

పాలమూరు లెఫ్ట్‌బ్యాక్
ఆదివారం రాత్రి 11:06

అన్నా, మీరు చూశారు కదా. నన్ను చూసినవాళ్లు లేరు. అది చాలా పెద్ద సంగతి.

నల్గొండ ఫిజియో
సోమవారం ఉదయం 6:45

అన్నా, ముందు డాక్టర్ దగ్గరికి. ఆయన ఆస్‌గుడ్ ష్లాటరే అంటే కొన్ని వారాల పాటు దూకడం, స్ప్రింట్లు, షాట్లు కొట్టడం తగ్గించాలి. పూర్తిగా మంచం మీద కూర్చోబెట్టాల్సిన పని చాలామందికి రాదు. నొప్పి లేని పనులు చేసుకోవచ్చు: గోడకేసి కుడికాలితో పాస్‌లు, తొడ ముందు కండరం సాగదీయడం, ఆట తర్వాత గుడ్డలో చుట్టిన ఐస్.

బూట్లు కొనేటప్పుడు సాయంత్రం పూట, సాక్స్ వేసుకుని చూడండి, బొటనవేలి ముందు కొంచెం ఖాళీ ఉండాలి. మన మొరం నేల మీద పొడుగు స్టడ్స్ వద్దు. కిందంతా చిన్న రబ్బరు బుడిపెలు ఉండేవి కొనండి. పొడుగువి గట్టి నేలలో దిగవు, మడమ దగ్గరా మోకాలి దగ్గరా భారం పడుతుంది.

వారానికి ఎన్ని గంటలు అని అడుగుతారు కాబట్టి: మేం వాడే మోటు లెక్క, వయసు ఎన్నేళ్లో వారానికి అన్ని గంటలకు మించి ఆట, ప్రాక్టీస్ ఉండకూడదు. వారంలో కనీసం ఒక రోజు బంతి ముట్టకూడదు. వాడికి మంచిగా అయ్యాక ఫిఫా వాళ్ల 11 ప్లస్ వామప్ నేర్పిస్తాను. 20 నిమిషాలే, బంతి తప్ప సామాను అక్కర్లేదు. సరిగ్గా చేసే జట్లలో గాయాలు బాగా తగ్గాయని చాలా దేశాల్లో తేలింది. నా దగ్గరికి తీసుకురండి, ఫీజు గురించి ఆలోచించకండి.

కొల్లాపూర్ అమ్మ
సోమవారం మధ్యాహ్నం 1:20

తమ్ముడూ, తిండి సంగతి నేను చెప్తాను, మా ఇద్దరు పిల్లలూ ఆడతారు. ఖరీదైన పౌడర్లు ఏవీ కొనకు. రెండింటికి మ్యాచ్ అంటే పదకొండు లోపు కడుపునిండా అన్నం, పప్పు, లేదా రొట్టెలు. నూనె ఎక్కువ లేనివి. బయలుదేరేటప్పుడు డబ్బాలో కట్టివ్వాలి, బస్టాండ్ మీద వదలొద్దు. గంట ముందు ఒక అరటిపండు. ఆట కాగానే ఉడకబెట్టిన గుడ్లు, పల్లీలు, మజ్జిగ. నీళ్ల సీసా వాడిదే వాడికి ఉండాలి, ఉప్పు, చక్కెర కొంచెం కలిపి. ఎండాకాలం మన దగ్గర 44, 45 డిగ్రీలు ఉంటది, మధ్యాహ్నం ఆట పెట్టే టోర్నమెంట్‌కు అసలు పంపకు.

ఇంకో మాట. మ్యాచ్ ఓడి బండి మీద ఇంటికి వచ్చేటప్పుడు ఆట గురించి మాట్లాడకు. నేను ఆ తప్పు మూడేళ్లు చేశాను. మా పెద్దోడు ఒకరోజు "అమ్మా, నువ్వు వస్తే నేను ఆడలేను" అన్నాడు. ఆ తర్వాత నేను "ఆకలేస్తుందా" అని మాత్రమే అడుగుతున్నాను. వాడే రాత్రికి వచ్చి మొత్తం చెప్తాడు.

సూర్యాపేట స్ట్రైకర్
సోమవారం రాత్రి 8:02

నేను ఫోన్ బీరువాలో పెట్టమన్నాను. ఏమీ తెలియకుండా అన్నాను, సారీ అన్నా.

ఒక సందేహం. ఇంత ఆట ఉంది కదా, హైదరాబాద్‌లో అకాడమీలో వేస్తే ఇవన్నీ వాళ్లే చూసుకుంటారు కదా?

పాత గోల్‌కీపర్
సోమవారం రాత్రి 9:14

చూసుకునేవి ఉన్నాయి. ఫీజు కట్టించుకుని వందమంది పిల్లలకు ఒక్క కోచ్‌ను పెట్టేవీ ఉన్నాయి. మా వీధిలో ఒకాయన బర్రెలు అమ్మి కొడుకును ఒకచోట చేర్చాడు. ఏడాదిలో ముగ్గురు కోచ్‌లు మారారు. ఒకరు వింగర్ అన్నారు, ఇంకొకరు డిఫెండర్ అన్నారు, మూడోవాడికి పేరే తెలియదు. పిల్లవాడు తిరిగొచ్చాక బంతి ముట్టలేదు.

నేను అడిగేది ఒక్కటే: అక్కడ పిల్లవాడి పేరు, వాడి మోకాలు, వాడి మార్కులు తెలిసిన మనిషి మూడేళ్లు వరసగా ఉంటాడా? రహీం సాబ్ సిటీ పోలీస్ జట్టుతో 1950 నుంచి 1963లో కన్నుమూసే దాకా ఉన్నారు. అలాంటి మనిషి ఉంటే పంపండి. లేకపోతే ఇంట్లో రొట్టె తిని, ఊరి గ్రౌండ్‌లో ఆడి, పదో తరగతి పాసవ్వడమే నయం.

తొందర కూడా వద్దు. అమెరికాలో ఫ్రెడ్డీ అడు 2004లో 14 ఏళ్లకే పెద్దల లీగ్‌లో ఆడాడు. ప్రపంచమంతా వాడి పేరే. తర్వాత దేశాలూ క్లబ్బులూ మారుతూ తిరిగాడు తప్ప ఎక్కడా కుదురుకోలేదు. ఇంగ్లండ్‌లో జేమీ వార్డీని 16 ఏళ్లప్పుడు పొట్టిగా ఉన్నాడని పంపించేశారు, ఫ్యాక్టరీలో పని చేస్తూ చిన్న క్లబ్బుకు ఆడాడు, 2016లో 29 ఏళ్ల వయసులో లెస్టర్ జట్టు తరఫున ఆడి ప్రీమియర్ లీగ్ గెలిచాడు.

జడ్చర్ల పీఈటీ
సోమవారం రాత్రి 9:50

సెలక్షన్స్ గురించి కూడా తెలుసుకోండి. ఏజ్ గ్రూపు జనవరి 1తో లెక్క కాబట్టి ఏడాది మొదట్లో పుట్టిన పిల్లలు పెద్దగా కనపడతారు, ఎక్కువగా ఎంపికవుతారు. ఇలాంటిది చాలా దేశాల్లో ఉన్నదే. మన దగ్గర దీనికి తోడు బడిలో వేసేటప్పుడు జూన్ నెల పుట్టినరోజులు రాసేస్తారు, కొందరు కావాలనే వయసు తగ్గిస్తారు. పెద్ద పోటీల్లో మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తున్నారు. ఎవరైనా "రెండేళ్లు తగ్గిద్దాం" అంటే దయచేసి ఒప్పుకోకండి. ఆలస్యంగా పెరిగే పిల్లవాడు 15 ఏళ్లకు సెలక్ట్ కాకపోతే కథ అయిపోయినట్టు కాదు.

ఆట గురించి ఒక్క పని చెప్తాను. ఈసారి మ్యాచ్‌లో గోల్స్ లెక్కపెట్టకండి. బంతి వాడి దగ్గరికి వచ్చేలోగా తల తిప్పి వెనక ఎవరున్నారో ఎన్నిసార్లు చూశాడో లెక్కపెట్టండి. డ్రిబ్లింగ్ ఒక రోజు కుదురుతుంది, ఒక రోజు కుదరదు. చూడడం మాత్రం కాలు నొచ్చిన రోజు కూడా చేయొచ్చు.

దేవరకొండ మేనమామ
ఐదు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 8:30

చాలామంది పర్సనల్‌గా అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

డాక్టర్ చూసి ఫిజియో మేడం చెప్పిందే అన్నారు. హీమోగ్లోబిన్ 12.1 వచ్చింది, కొంచెం తక్కువే అన్నారు, చెల్లెలికీ చేయించాం, ఆ పిల్లకు ఇంకా తక్కువ ఉంది, ఇద్దరికీ మందులు ఇచ్చారు. నంబర్ 8 అమ్మా, నీ వల్లే ఆ పిల్ల సంగతి తెలిసింది. ఆటో డబ్బులు ఇకనుంచి నేను కడతానని బావకు ఫోన్ చేసి చెప్పాను. బావ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "వాణ్ని ఒకసారి ఇవ్వు" అన్నాడు. వాళ్లేం మాట్లాడుకున్నారో నేను వినలేదు, బయటికి వచ్చేశాను.

బయటి టీమ్‌ల వాళ్లు రెండుసార్లు బండి మీద వచ్చారు. ఒకాయన 500 ఇస్తానన్నాడు. పిల్లవాడే "డాక్టర్ వద్దన్నారు అన్నా" అని లోపలికి వెళ్లిపోయాడు.

కొత్త బూట్లు 7 సైజు, రబ్బరు బుడిపెలవి. నాలుగు వారాలు మా షాపు వెనక గోడకు కుడికాలితో రోజూ బంతి కొట్టాడు. మొదట్లో పక్కింటివాళ్ల రేకు మీద పడేది. ఇప్పుడు నేను సుద్దతో గీసిన డబ్బాలో పదికి ఏడు పడుతున్నాయి.

ఈ రోజు నల్గొండలో స్కూల్ మ్యాచ్. పదిన్నరకు బస్సులోనే అక్క కట్టిన అన్నం తిన్నాడు. ముందే కోచ్ సార్‌తో మాట్లాడి సెకండాఫ్‌లోనే దింపమన్నాను. గోల్ కొట్టలేదు. ఎవరినీ డ్రిబుల్ చేసి దాటలేదు. నేను నోట్‌బుక్‌లో గీతలు పెట్టుకుంటూ కూర్చున్నాను: బంతి 19 సార్లు వచ్చింది, 16 సార్లు మనవాళ్లకే చేరింది, కుడికాలితో ఇచ్చినవి ఐదు. తల తిప్పి చూసినవి లెక్కపెట్టడం నాకు ఇంకా సరిగ్గా రావడం లేదు సార్, తొమ్మిది దాకా పట్టుకున్నాను.

ఇంకో పది నిమిషాలు ఉందనగా చెయ్యి ఎత్తి కోచ్ సార్ వైపు చూశాడు. మోకాలు పట్టుకుని చూపించాడు. సార్ వెంటనే వేరే పిల్లవాణ్ని దింపారు. వాడు వచ్చి నా పక్కన కూర్చుని బూట్లు విప్పుకున్నాడు. ఏమన్నా అంటానేమో అని ఒకసారి నా మొహం చూశాడు. ఆకలేస్తుందా అని అడిగాను. డబ్బాలో గుడ్లు ఉన్నాయా మామా అన్నాడు.